ఏడో పాఠంలో ఆగిపోయిన విద్యార్థికి లోపం ఎక్కడ ఉంది? ఆన్‌లైన్ సాంకేతిక కోర్సులలో సమస్య – కారణం – పరిష్కారం

పైథాన్, వెబ్ డెవలప్‌మెంట్, డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్ వంటి విషయాలను ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నవారికి సందేహాలు తీర్చే పనిలో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. మీరు ఆ కోర్సుకు టీచింగ్ అసిస్టెంట్ కావచ్చు, కళాశాలలో సీనియర్ కావచ్చు, ఊళ్లో అందరికంటే ముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినందువల్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగే అన్నో అక్కో కావచ్చు. తరగతి గదిలో పాఠం చెప్పేవారు ఎదురుగా ఉన్న ముఖాలను చూసి, అవసరమనిపిస్తే రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెడతారు. వీడియో పాఠానికి ఆ వీలు లేదు. వినేవారికి ఇంతవరకు తెలుసు అనే ఒక ఊహతో అది మొదలై, అదే వేగంతో సాగిపోతుంది. ఆ ఊహకు అందని విద్యార్థి కొంతదూరం నెట్టుకొచ్చి, ఎక్కడో ఒకచోట ఆగిపోతాడు.

ఆగిన చోటు ఒకటి, లోపం ఉన్న చోటు మరొకటి అన్న విషయాన్ని గుర్తించకపోవడం వల్లనే మన సాయంలో చాలా భాగం వృథా అవుతోంది. ఏడో పాఠంలో ఆగినవారికి అదే ఏడో పాఠాన్ని ఇంకొంచెం నెమ్మదిగా మళ్లీ చెప్పడం మనలో చాలామందికి అలవాటు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. లోపం సాధారణంగా కోర్సులో ఎక్కడా చెప్పని, కోర్సు తయారుచేసినవారికి చెప్పాలన్న ఆలోచన కూడా రాని ఒక చిన్న విషయంలో ఉంటుంది. అది దొరికితే పావుగంటలో సరిచేయవచ్చు. దొరకకపోతే నెల రోజులు చెప్పినా ఫలితం ఉండదు.

కారణం వెతికే ముందు

"ఏమీ అర్థం కావట్లేదన్నా", "కోడ్ రన్ అవ్వట్లేదు సార్" అనే రెండు మాటల వెనక ఎన్ని కారణాలైనా ఉండవచ్చు కాబట్టి, విద్యార్థి చెప్పిన మాటను బట్టి వెంటనే జవాబు ఇవ్వకండి. ఎర్రర్ ఉన్న ఒక్క ముక్కను కాకుండా స్క్రీన్ మొత్తం కనిపించేలా స్క్రీన్‌షాట్ పంపమనండి. ఆఖరిసారిగా సక్రమంగా పనిచేసినది ఏమిటో అడగండి. వీలైతే స్క్రీన్ షేర్ చేయించి, తాను చేసినదంతా మొదటినుంచి మళ్లీ చేసి చూపించమని, ఐదు నిమిషాలపాటు మీరు ఏమీ మాట్లాడకుండా చూడండి. ఈ మూడింటిలో చివరిది అన్నింటికంటే విలువైనది. విద్యార్థి ఏ ఫోల్డర్ తెరిచాడు, ఎక్కడ ఒక క్షణం తడబడ్డాడు, ఏ మాటను చదవకుండా దాటవేశాడు అనేవి ఆ ఐదు నిమిషాలలోనే బయటపడతాయి. మౌస్‌ను మీ చేతిలోకి తీసుకుని మీరే సరిచేస్తే ఆ పూటకు కోడ్ నడుస్తుంది గాని, లోపం అలాగే మిగిలిపోయి వారం తిరగకముందే ఇంకో రూపంలో వస్తుంది.

సమస్య: మొదటి పాఠం మొదలుకాకముందే ఆగిపోవడం

వీడియోలో చెప్పినట్లే పైథాన్ ఇన్‌స్టాల్ చేశానని, అయినా ప్రోగ్రాం నడవడం లేదని, రెండు రోజులుగా ఇక్కడే ఉన్నానని విద్యార్థి అంటాడు. తనకు ప్రోగ్రామింగ్ రాదేమోనన్న భయం అప్పటికే మనసులో నాటుకుపోయి ఉంటుంది. నిజానికి ప్రోగ్రామింగ్ ఇంకా మొదలే కాలేదు.

ఇక్కడ లోపం కంప్యూటర్ వాడకంలో ఉంటుంది. ఈ తరంలో చాలామంది చేతికి మొదట వచ్చినది ఫోన్. ఫోన్‌లో ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది. ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుసుకోవలసిన అవసరం అక్కడ రాదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కొత్తగా ల్యాప్‌టాప్ కొనుక్కున్న విద్యార్థికి ఫైలుకు ఒక చిరునామా ఉంటుందన్న సంగతి ఎవరూ చెప్పి ఉండరు. కోర్సు మాత్రం అది పుట్టుకతో వచ్చినట్లు అనుకుంటుంది. అందువల్ల కింది నాలుగింటిని వరుసగా పరీక్షించండి.

మొదటిది ఫైలు పేరు. విద్యార్థి నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసల కోడ్ రాసి, హలో డాట్ పీవై అని పేరు పెట్టి సేవ్ చేస్తాడు. నోట్‌ప్యాడ్ తనంతట తానుగా చివర డాట్ టీఎక్స్‌టీ అని చేరుస్తుంది. విండోస్ ఆ చివరి భాగాన్ని మామూలుగా దాచిపెడుతుంది. కాబట్టి కంటికి హలో డాట్ పీవై అనే కనిపిస్తుంది, అసలు పేరు మాత్రం హలో డాట్ పీవై డాట్ టీఎక్స్‌టీ. అటువంటి ఫైలు లేదని పైథాన్ చెబుతుంది. ఉందని కళ్లు చెబుతాయి. ఈ రెండింటి మధ్య విద్యార్థి ఎంత నలిగిపోతాడో పక్కన కూర్చుని చూస్తే తప్ప తెలియదు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ మెనూలో షో కింద ఉన్న ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే దానికి టిక్ పెట్టిస్తే దాగిన భాగం కనిపిస్తుంది. పేరు ఎందుకు మార్చాలో అతనికే అర్థమవుతుంది.

రెండవది టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ, ఉన్న చోటు. టెర్మినల్ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుందని, మనం ఫైలు పేరు ఒక్కటే చెబితే తాను నిలబడ్డ ఫోల్డర్‌లోనే వెతుకుతుందని చెప్పండి. ఫైలు డెస్క్‌టాప్ మీద ఉండి, టెర్మినల్ వేరే ఫోల్డర్‌లో ఉంటే దొరకదు. పక్క వీధిలో నిలబడి మన వీధి ఇంటి నంబరు వెతికినట్లే ఇది. ఫైలున్న ఫోల్డర్‌ను ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి, ఖాళీ చోట కుడి క్లిక్ చేసి, ఓపెన్ ఇన్ టెర్మినల్ నొక్కించడం తొలిరోజుల్లో అన్నింటికంటే సులువైన మార్గం. ఫోల్డర్ మార్చే సీడీ అనే ఆదేశాన్ని తరువాత నేర్పవచ్చు.

మూడవది, పైథాన్ అని టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం, లేదా ఆ ఆదేశాన్ని గుర్తించలేదన్న సందేశం రావడం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెరలో అడుగున ఉండే, పైథాన్‌ను పాత్‌కు చేర్చమనే గడిలో టిక్ పెట్టకపోవడమే చాలాసార్లు దీనికి కారణం. ఒక ప్రోగ్రాం పేరు టైప్ చేసినప్పుడు ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితానే పాత్ అంటారని రెండు వాక్యాలలో వివరించి, ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి ఆ టిక్ పెట్టించండి.

నాలుగవది, ఎక్కడ టైప్ చేయాలన్నది. వరుస మొదట్లో మూడు బాణపు గుర్తులు కనిపిస్తున్నాయంటే విద్యార్థి అప్పటికే పైథాన్ లోపల ఉన్నాడన్నమాట. అక్కడ ఫైలును నడిపే ఆదేశం టైప్ చేస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అలాగే వెబ్ పేజీలో ఆదేశానికి ముందు కనిపించే డాలర్ గుర్తు టెర్మినల్ చూపించే గుర్తే తప్ప మనం టైప్ చేయవలసినది కాదని చెప్పేవారు లేక, దాన్ని కూడా కాపీ చేసి ఇబ్బంది పడేవారున్నారు. లినక్స్ టెర్మినల్‌లో పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే చాలాసార్లు తెర మీద చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పనిచేయడం లేదనుకుని విద్యార్థి ఆపేస్తాడు. ఇవన్నీ తెలిసినవారికి చాలా చిన్న విషయాలు కావడం వల్లనే ఏ పాఠంలోనూ చోటు దొరకలేదు.

సమస్య: ఎర్రర్ రాగానే స్క్రీన్‌షాట్ పంపి ఎదురుచూడడం

ఎర్రర్ సందేశం తనకోసం రాసినదని విద్యార్థికి తెలియకపోవడం దీనికి మొదటి కారణం. ఎర్రటి అక్షరాలు కనిపించగానే అది మందలింపులా తోస్తుంది. ఇంగ్లీషులో ఉండడం వల్ల చదవాలన్న ధైర్యం ఇంకా తగ్గుతుంది. పైథాన్ సందేశాన్ని కింది నుంచి పైకి చదవాలని నేర్పండి. ఆఖరి వరుసలో తప్పు ఏ రకమైనదో, ఆ పైన ఏ ఫైలులో ఎన్నో వరుసలో వచ్చిందో ఉంటుంది. నేమ్ ఎర్రర్, టైప్ ఎర్రర్, ఇండెక్స్ ఎర్రర్, కీ ఎర్రర్, ఇండెంటేషన్ ఎర్రర్, మాడ్యూల్ నాట్ ఫౌండ్ అనే ఆరింటికి తెలుగులో ఒక్కొక్క వాక్యం రాసి ఇస్తే తొలి నెల అవసరాలు చాలావరకు తీరిపోతాయి. తరువాత ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపినప్పుడు, "ఆఖరి వరుస ఏమంటోంది?" అని అడిగి ఆగండి. జవాబు రాయడానికి పట్టే రెండు నిమిషాలలో సగంమంది తమ తప్పును తామే పట్టుకుంటారు.

వాట్సాప్‌లోనో పీడీఎఫ్‌లోనో వచ్చిన కోడ్‌ను కాపీ చేసినప్పుడు మాత్రం సందేశం చదివినా తప్పు కనిపించకపోవచ్చు. నిటారుగా ఉండవలసిన కొటేషన్ గుర్తులు కొన్నిసార్లు వంకర గుర్తులుగా మారి వస్తాయి. మన కంటికి రెండూ ఒకటే గాని పైథాన్‌కు కావు. ఆ గుర్తులను చెరిపి కీబోర్డు మీద మళ్లీ టైప్ చేయించండి.

సమస్య: గణితం గుర్తులు కనిపించగానే వీడియో ఆపేయడం

మెషిన్ లెర్నింగ్ కోర్సుల నుంచి ఎక్కువమంది వెనుదిరిగేది ఇక్కడే. మనం ఎక్కువ ఓపిక పట్టవలసినది కూడా ఇక్కడే. "నాకు మ్యాథ్స్ రాదు" అనే ఒకే మాటను ముగ్గురు వేర్వేరు విద్యార్థులు మూడు వేర్వేరు అర్థాలలో అంటారు. ఎవరు ఏ అర్థంలో అంటున్నారో తేల్చుకోకుండా సాయం మొదలుపెట్టవద్దు.

మొదటి విద్యార్థికి గణితం వచ్చు, దాని ఇంగ్లీషు పేరు రాదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చిన ఒక అమ్మాయికి నేను అరగంటసేపు లాగరిథమ్ అంటే ఏమిటో వివరించాను. ఆమె మర్యాదగా విని, చివర్లో, "సార్, ఇది సంవర్గమానమే కదా?" అని అడిగింది. అది పదో తరగతిలోనే ఆమెకు కరతలామలకం. ఆమెకు కావలసింది అరగంట పాఠం కాదు, ఒక్క మాట. ఆ రోజు నుంచి తెలుగు మాధ్యమం విద్యార్థులతో మాట్లాడేటప్పుడు రెండు పేర్లనూ పక్కపక్కనే వాడుతున్నాను. కోర్సులో ఫంక్షన్ అన్నది ప్రమేయం, వెక్టర్ అన్నది సదిశ, మాట్రిక్స్ అన్నది మాత్రిక, డెరివేటివ్ అన్నది అవకలజం, లిమిట్ అన్నది అవధి, స్లోప్ అన్నది వాలు, ప్రాబబిలిటీ అన్నది సంభావ్యత, రాండమ్ వేరియబుల్ అన్నది యాదృచ్ఛిక చలరాశి, స్టాండర్డ్ డీవియేషన్ అన్నది ప్రామాణిక విచలనం, మీడియన్ అన్నది మధ్యగతం, మోడ్ అన్నది బాహుళకం. ఈ జాబితా అరపేజీకి మించదు. దాన్ని చేతికి ఇచ్చిన మరుక్షణం ఆ విద్యార్థి ముఖంలో కనిపించే తేలిక మాటల్లో చెప్పలేనిది, ఎందుకంటే పోయిందనుకున్న చదువంతా ఒక్కసారిగా తిరిగి వస్తుంది.

రెండవ విద్యార్థి ఆ గణితం చదివాడు, పరీక్ష రాశాడు, మార్కులు కూడా తెచ్చుకున్నాడు; దాన్ని ఎందుకు వాడతారో మాత్రం ఎన్నడూ చూడలేదు. ఇతనికి కొత్త పుస్తకం అవసరం లేదు. ఇంటర్ పాత పుస్తకాలు ఇంట్లో ఉంటే తీయించండి. 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు ఉన్నాయి. 1బీలో సరళరేఖ, అవధులు, అవకలనం ఉన్నాయి. 2ఏలో విస్తరణ కొలతలు, సంభావ్యత ఉన్నాయి. తొలి మెషిన్ లెర్నింగ్ కోర్సుకు కావలసిన గణితంలో చాలా భాగం ఈ అధ్యాయాలలోనే ఉంది. మిగిలినది దాన్ని పనిలో చూపించడమే.

మాత్రికల గుణకారాన్ని కిరాణా దుకాణంలో చూపించవచ్చు. బియ్యం కిలో 50 రూపాయలు, కందిపప్పు కిలో 150, నూనె లీటరు 140 అనుకుందాం. ఒకరు 5 కిలోల బియ్యం, 1 కిలో పప్పు, 2 లీటర్ల నూనె తీసుకున్నారు. ఇంకొకరు 10 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, 1 లీటరు నూనె తీసుకున్నారు. ఇద్దరి సరుకుల పట్టీ రెండు వరుసలు, మూడు నిలువు వరుసలు ఉన్న మాత్రిక. ధరల పట్టీ మూడు వరుసలు, ఒక నిలువు వరుస ఉన్న మాత్రిక. గుణిస్తే మొదటివారి బిల్లు 250, 150, 280 కలిసి 680 రూపాయలు, రెండవవారిది 500, 300, 140 కలిసి 940 రూపాయలు. మొదటి మాత్రికలో నిలువు వరుసల సంఖ్య, రెండవదానిలో అడ్డు వరుసల సంఖ్య ఎందుకు సమానం కావాలో ఇక్కడ బట్టీ పట్టవలసిన అవసరం లేదు: మూడు సరుకులుంటే మూడు ధరలు ఉండాలి. పైథాన్‌లో మాత్రికల లెక్కలు చేసే నమ్‌పై లైబ్రరీలో (లైబ్రరీ అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్) మాత్రికల ఆకారాలు కుదరలేదన్న ఎర్రర్ వచ్చినప్పుడు ఈ దుకాణాన్నే గుర్తు చేసి, "ధర చెప్పని సరుకు ఏదైనా ఉందా?" అని అడిగితే చాలు.

మూడవ విద్యార్థి నిజంగానే ఆ గణితం చదవలేదు. బైపీసీ నుంచో, సీఈసీ నుంచో వచ్చినవారు పదో తరగతి తరువాత అవకలనం ముఖం చూసి ఉండరు. వీరిని కాలిక్యులస్ మొత్తం నేర్చుకుని రమ్మనడం అంటే మర్యాదగా ఇంటికి పంపడమే. వీరికి అవసరమైన భాగం ఎంతో కొలిచి, అంతే ఇవ్వాలి. వాలును బట్టి చిన్న చిన్న అడుగులు వేస్తూ అతి తక్కువ విలువ వైపు దిగే గ్రేడియంట్ డిసెంట్ అనే పాఠం దగ్గర ఆగినవారికి నేను చేయించే లెక్క ఇది. ఎక్స్ వర్గం అనే ప్రమేయం తీసుకోండి. ఎక్స్ విలువ 3 అయితే ఫలితం 9, ఎక్స్‌ను 3.01 చేస్తే ఫలితం 9.0601. ఎక్స్ 0.01 పెరిగితే ఫలితం 0.0601 పెరిగింది, అంటే పెరుగుదల దాదాపు ఆరు రెట్లు. ఈ ఆరునే 3 దగ్గర వాలు అంటారు. ఇదే లెక్క 5 దగ్గర చేస్తే దాదాపు 10 వస్తుంది, 2 దగ్గర చేస్తే దాదాపు 4 వస్తుంది. వాలు ఎప్పుడూ ఎక్స్‌కు రెట్టింపు ఉంటోందని విద్యార్థి తానే గమనిస్తాడు.

ఈ ప్రమేయాన్ని గీస్తే లోయలా ఉంటుంది. ఇప్పుడు ఆ లోయ అడుగుకు, అంటే ఫలితం అన్నింటికంటే తక్కువగా ఉండే చోటుకు దిగుదాం. 3 దగ్గర మొదలుపెట్టి, వాలులో పదో వంతు వెనక్కి జరగాలన్నది నియమం. వాలు 6, అందులో పదో వంతు 0.6, కాబట్టి 2.4కు వచ్చాం. అక్కడ వాలు 4.8, పదో వంతు 0.48, కాబట్టి 1.92కు వచ్చాం. తరువాత 1.536. అడుగులు చిన్నవవుతూ సున్నా వైపు చేరుతున్నాయి. పదో వంతుకు బదులు 1.1 రెట్లు జరిగితే ఏమవుతుందో కూడా చేయించండి: 3 నుంచి 6.6 వెనక్కి జరిగితే -3.6, అక్కడినుంచి 4.32, అంటే దగ్గర కావలసింది పోయి దూరమవుతోంది. వాలులో ఎన్నో వంతు జరగాలో చెప్పే ఈ సంఖ్యనే లెర్నింగ్ రేట్ అంటారు. అది ఎక్కువైతే శిక్షణ ఎందుకు చెడిపోతుందో కాగితం మీద ఐదు వరుసలలో తేలిపోయింది. సూత్రాన్ని నిరూపించలేదు, అవధి అన్న మాట కూడా వాడలేదు. ఆ పాఠం దాటడానికి ఇది సరిపోతుంది. తరువాతి పాఠం ఇంకేదైనా అడిగినప్పుడు దాన్ని అప్పుడు చూసుకోవచ్చు.

కూడికను సూచించే సిగ్మా గుర్తు విషయంలో చెప్పవలసింది ఒక్కటే. దాన్ని ఫర్ లూప్‌గా, అంటే ఒకే పనిని వరుసగా మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌గా రాసి చూపించండి. కోడ్ తెలిసి గణితం భయపెట్టేవారికి ఆ గుర్తు వెంటనే మామూలుదైపోతుంది.

సమస్య: వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతుంది, తానుగా రాయమంటే చేయి కదలదు

సాధన లేకపోవడమే దీనికి కారణమని మనం తేలికగా అనేస్తాం. అది కొంతవరకే నిజం. కోడ్‌ను యంత్రం ఎలా చదువుతుందో ఊహించుకునే చిత్రం విద్యార్థి మనసులో లేకపోవడం అసలు కారణం. గణితం బాగా వచ్చినవారిలో కూడా ఇది కనిపిస్తుంది. కొన్నిసార్లు వారిలోనే ఎక్కువగా ఉంటుంది. ఎక్స్ = ఎక్స్ + 1 అనే వరుసను వారు సమీకరణంగా చదువుతారు. సమీకరణంగా అది అసంభవం. రెండు వైపులా ఎక్స్ కొట్టేస్తే 0 = 1 అని మిగులుతుంది. చిన్నప్పటినుంచి సమానం అని చదివిన గుర్తుకు ఇక్కడ "కుడివైపు విలువ లెక్కకట్టి ఎడమవైపు పేరుకు అప్పగించు" అనే అర్థం ఉందని ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. చాలా కోర్సులు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాయి, కొన్ని అసలే చెప్పవు.

కాగితం మీద గడులు గీయించండి. ఒక్కొక్క చలరాశికి ఒక నిలువు గడి, ప్రోగ్రాంలో నడిచే ఒక్కొక్క వరుసకు ఒక అడ్డు గడి. లూప్ ఉన్న ఐదు వరుసల కోడ్ ఇచ్చి, కంప్యూటర్ ముట్టకుండా, ప్రతి అడుగులోనూ విలువ ఏమిటో పెన్సిల్‌తో నింపమనండి. ఎక్కడ తప్పు నింపారో అక్కడే వారి ఊహాచిత్రంలో తేడా ఉంది. ఇలా పది చిన్న కోడ్‌లు చేసినవారు పదకొండోదాన్ని తామే రాయగలగడం నేను మళ్లీ మళ్లీ చూశాను. ముందు చదవడం రావాలి, తరువాతే రాయడం. 

కోడ్‌ను సెల్స్ అనే చిన్న చిన్న గడులలో రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్ వాడేవారికి ఇంకో చిక్కు ఉంది. నిన్న నడిచిన కోడ్ ఈ రోజు నేమ్ ఎర్రర్ ఇస్తోందంటే, తెర మీద పాత ఫలితాలు కనిపిస్తున్నా జ్ఞాపకంలో విలువలు చెరిగిపోయాయని అర్థం. పైనుంచి సెల్స్ అన్నింటినీ వరుసగా మళ్లీ నడిపించండి.

సమస్య: ఏది భాషకు చెందినదో, ఏది లైబ్రరీకి చెందినదో తెలియకపోవడం

వెబ్ పేజీల కోసం వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన రియాక్ట్ కోర్సులో చేరి, బాణపు గుర్తుతో రాసే ఫంక్షన్లు, మ్యాప్, డీస్ట్రక్చరింగ్ అర్థంకాక రియాక్ట్ చాలా కష్టమని వదిలేసేవారున్నారు. ఇవేవీ రియాక్ట్ కావు. ఇవన్నీ జావాస్క్రిప్ట్, వీటిలో బాణపు ఫంక్షన్లు, డీస్ట్రక్చరింగ్ 2015లో ఈఎస్6 ప్రమాణంతో ఆ భాషలోకి వచ్చాయి. కోర్సులోని ఒక చిన్న ఫైలు తీసుకుని, భాషకు చెందినవాటి కింద ఒక రంగు గీత, రియాక్ట్‌కు చెందినవాటి కింద ఇంకో రంగు గీత గీయించండి. మొదటి రంగు ఎక్కువైతే రియాక్ట్ వీడియోలు వారం రోజులు పక్కన పెట్టి, గీసిన ఆ అంశాలను మాత్రమే జావాస్క్రిప్ట్‌లో సాధన చేయించాలి. పట్టికల డేటాతో పనిచేసే పాండాస్ లైబ్రరీ మొదలుపెట్టి పైథాన్ లిస్టు, డిక్షనరీ తెలియక ఇబ్బంది పడేవారికి కూడా ఇదే మార్గం.

సమస్య: వీడియోలో ఉన్నట్లే టైప్ చేసినా ఎర్రర్

వీడియో పాతది కావచ్చు. ప్రింట్ తరువాత బ్రాకెట్లు లేని కోడ్ కనిపిస్తే అది పైథాన్ 2 కాలం నాటిది. దానికి అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. సాఫ్ట్‌వేర్‌కు వెర్షన్లు ఉంటాయని, పాఠం తేదీకి, మన కంప్యూటర్‌లోని వెర్షన్‌కు పొంతన చూడాలని తొలి వారంలోనే చెప్పాలి. లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసినా దొరకలేదని వస్తే, ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండి ఒకదానిలో ఇన్‌స్టాల్ చేసి ఇంకొకదానితో నడుపుతున్నారేమో చూడండి. లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ఒక్కదాన్నే పిలవకుండా, పైథాన్ అని మొదలుపెట్టి డ్యాష్ ఎం పిప్ అని పిలిస్తే ఏ పైథాన్‌ను నడుపుతున్నారో దానిలోకే లైబ్రరీ చేరుతుంది.

సమస్య: "అర్థమైంది సార్" అంటారు, మర్నాడు అదే ప్రశ్న

మన బడుల్లో తెలియదని ఒప్పుకోవడం అవమానంగా మారిపోయింది. పది మంది ఉన్న గ్రూపులో "ఫోల్డర్ అంటే ఏమిటి?" అని అడగడం కంటే కోర్సు మానేయడమే మేలనిపించే స్థితి ఉంది. ఇంటర్ తరువాత చదువు ఆగిపోయి పదేళ్లకు మళ్లీ మొదలుపెట్టిన గృహిణులలో, ఉద్యోగం మారాలనుకునే ముప్పై అయిదేళ్లవారిలో ఈ సంకోచం ఇంకా ఎక్కువ. కాబట్టి "అర్థమైందా?" అని అడగకండి, ఆ ప్రశ్నకు మర్యాదగల జవాబు ఒక్కటే. "ఇందులో 3కు బదులు 5 పెడితే ఏం వస్తుంది?" అని అడగండి. జవాబు సరైనదైతే అర్థమైనట్లు, కాకపోతే ఎక్కడ కాలేదో తెలిసినట్లు. "ఇది చాలా ఈజీ", "ఇంత చిన్న విషయం కూడా తెలియదా" అనే మాటలను పూర్తిగా మానేయండి. మొదటి మాట ప్రోత్సాహంగా అన్నా, కష్టంగా ఉన్నవారి చెవికి అది రెండవ మాటగానే చేరుతుంది. తొలి సందేహాలను విడిగా, ఒక్కరితో ఒక్కరుగా పంపే వీలు కల్పిస్తే ప్రశ్నల సంఖ్య పెరుగుతుంది. పెరగనివ్వండి.

సమస్య: పునాది కోసమని వెళ్లి తిరిగి రాకపోవడం

లోపం ఉందని తెలిసిన విద్యార్థి కొన్నిసార్లు ఇంకో ప్రమాదంలో పడతాడు. మెషిన్ లెర్నింగ్ కోసం పైథాన్ కోర్సుకు, దానికోసం కంప్యూటర్ సైన్స్ పరిచయానికి, గణితం కోసం ఇంకో పన్నెండు వారాల కోర్సుకు వెళ్లి, ఆరు నెలల తరువాత ఏదీ పూర్తికాని స్థితిలో మిగులుతాడు. "బేసిక్స్ అన్నీ నేర్చుకుని రా" అన్న మన సలహాకు ఇందులో పెద్ద వాటా ఉంది. వెనక్కి పంపేటప్పుడు ఏ అంశానికి పంపుతున్నారో, ఎన్ని గంటలకో, తిరిగి ఏ పాఠానికి రావాలో మూడింటినీ కాగితం మీద రాసి ఇవ్వండి.

గడువులున్న కోర్సులలో లెక్క ఇంకా కచ్చితంగా వేయాలి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లోని పన్నెండు వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటునే తీసుకుని దానికి 25 శాతం, చివరి పరీక్షకు 75 శాతం ఇస్తారు. అంటే నాలుగు వారాల అసైన్‌మెంట్లు సరిగా రాకపోయినా తట్టుకునే చోటు ఉంది. లోపాన్ని పూడ్చుకోవడానికి ఆ చోటును వాడుకోవచ్చు. నాలుగు వారాలలో పూడని లోపమైతే ఆ మాట విద్యార్థికి సూటిగా, దయతో చెప్పాలి. నమోదు ఉచితమే, రుసుము పరీక్ష రాసేవారికే కాబట్టి, ఈసారి పాఠాలు మాత్రం వింటూ పరీక్ష తరువాతి విడతలో రాయడం వెనకడుగు కాదని తెలియజెప్పాలి.

కోర్సు తయారుచేసేవారు మొదటి పేజీలో మార్చవలసినది

"ప్రాథమిక ప్రోగ్రామింగ్ పరిజ్ఞానం అవసరం" అనే వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. చాలా తెలిసినవారు తమకు సరిపడా తెలియదనుకుంటారు, తెలియనివారు తెలుసుననుకుంటారు. ఆ వాక్యం తీసేసి, పది నిమిషాలలో చేయగలిగిన ఐదు పనులు పెట్టండి: ఒక ఫోల్డర్ సృష్టించి అందులోని ఫైలును టెర్మినల్ నుంచి నడపడం; ఐదు సంఖ్యల లిస్టులో పెద్దదాన్ని లూప్‌తో కనుక్కోవడం; ఇచ్చిన ఎర్రర్ సందేశంలో తప్పు ఎన్నో వరుసలో ఉందో చెప్పడం; రెండు బిందువులను కలిపే సరళరేఖ వాలు కట్టడం; రెండు వరుసల మాత్రికను ధరల పట్టీతో గుణించడం. ప్రతి పనికి పక్కనే, అది చేయలేకపోతే ఏ ఒక్క పాఠం చూడాలో, దానికి ఎంత సమయం పడుతుందో రాయండి. ఆ ఐదు పాఠాలనూ తెలుగు మాటలతో, రెండు పేర్లూ పక్కపక్కనే వినిపించేలా రికార్డు చేయగలిగితే, మన దగ్గరికి వచ్చే మొదటి వారం ప్రశ్నలలో చాలావాటికి అక్కడే జవాబు దొరుకుతుంది.